ఒక టీబీ పెన్‌డ్రైవ్ నాలుగు వందలకు ఎలా వస్తోంది?

ఆన్‌లైన్‌లో కాసేపు వెతికితే చాలు, ఒక టీబీ (అంటే వెయ్యి జీబీ), రెండు టీబీల పెన్‌డ్రైవ్‌లు నాలుగైదు వందల రూపాయలకే కనిపిస్తాయి. తెప్పించి కంప్యూటర్‌కి పెడితే అక్కడా ఒక టీబీ అనే చూపిస్తుంది. నాలుగు పాటలు, పది ఫోటోలు ఎక్కించి చూస్తే చక్కగా ఎక్కుతాయి, చక్కగా తెరుచుకుంటాయి. మంచి బేరం తగిలిందనుకుని కొన్నవాళ్లు అయిదు స్టార్లు ఇచ్చేస్తారు. అసలు సంగతి తెలిసేసరికి పెళ్లి వీడియో మొత్తం అందులోకి ఎక్కించి, కెమెరా కార్డు ఖాళీ చేసేసి ఉంటారు.

ఈ మోసం ఎలా జరుగుతుందో తెలియాలంటే పెన్‌డ్రైవ్ లోపల ఏముందో చూడాలి. పైతొడుగు తీస్తే చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద ముఖ్యంగా రెండు చిప్పులు ఉంటాయి. ఒకటి ఫైళ్లు నిలవుండే ఫ్లాష్ మెమరీ. రెండోది కంట్రోలర్. (ఈ రెండూ ఒకే ముక్కలో కలిసిపోయిన చిన్న డ్రైవ్‌లు కూడా ఉన్నాయి.) కంప్యూటర్ ఎప్పుడూ మెమరీతో నేరుగా మాట్లాడదు. ‘నీ దగ్గర ఎంత చోటుంది?’ అని కంట్రోలర్‌నే అడుగుతుంది, అది చెప్పిన అంకెను నమ్ముతుంది. ఆ అంకెను ఫ్యాక్టరీలో ఒక సాఫ్ట్‌వేర్‌తో కంట్రోలర్‌లో రాస్తారు. ఆ సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటే 32 జీబీ చిప్పు మీద ఒక టీబీ అని రాయడం నిమిషాల పని.

ఇక ఎక్కించడం మొదలుపెట్టామనుకోండి. మొదటి 32 జీబీ వరకు అంతా నిజంగానే లోపలికి వెళ్తుంది. ఆ తర్వాత వచ్చిన డేటాను కంట్రోలర్ గాలికి వదిలేస్తుంది, లేదా పాత ఫైళ్ల మీదే రాసేస్తుంది. కంప్యూటర్‌కి మాత్రం ‘రాశాను’ అనే చెబుతుంది. ఏ ఫైలు పేరేమిటి, సైజు ఎంత, ఎక్కడుంది అనే పట్టిక సాధారణంగా డ్రైవ్ మొదట్లోనే, అంటే నిజంగా మెమరీ ఉన్న భాగంలోనే ఉంటుంది. అందుకే ఫోల్డర్ తెరిస్తే వెయ్యి ఫోటోల పేర్లూ, తేదీలూ, సైజులూ పొల్లుపోకుండా కనిపిస్తాయి. ఒక ఫోటో మీద క్లిక్ చేస్తే పై సగం మండపం, కింది సగం బూడిదరంగు పట్టీ. ఇంకో ఫోటో అసలు తెరుచుకోదు. ఇలాంటివాటిని ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు, ఎందుకంటే ఆ డేటా ఎక్కడా రాయనే లేదు, లేదా దాని మీద వేరేది రాసేసింది.

పైగా, నింపి చూసేవాళ్లు తక్కువ. సెకనుకు 30 ఎంబీ వేగంతో ఒక టీబీ నింపాలంటే తొమ్మిది గంటలు దాటుతుంది. ఈ లోపాన్ని కనిపెట్టేసరికి వాపసు గడువు అయిపోతుంది. అమ్మేవాళ్ల ధైర్యమూ అదే.

తేల్చుకోవడానికి ఉచితంగా దొరికే మంచి సాధనాలున్నాయి. విండోస్ వాడేవాళ్లకు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ఉంది. జర్మనీ కంప్యూటర్ పత్రిక సీటీ ద్వారా వచ్చిన చిన్న ప్రోగ్రామ్ ఇది. లైనక్స్, మ్యాక్ వాళ్లకు ఎఫ్3 ఉంది. రెండూ చేసేది ఒకటే. ఖాళీ డ్రైవ్‌ను ముందే తెలిసిన డేటాతో చివరిదాకా నింపి, తర్వాత మళ్లీ మొదటి నుంచి చదివి, రాసిందే ఉందా లేదా అని సరిచూస్తాయి. నకిలీ డ్రైవ్ అయితే ఇన్ని జీబీలు బాగున్నాయి, ఇన్ని పోయాయి అని లెక్క చూపిస్తాయి. 64 జీబీ డ్రైవ్ సెకనుకు 20 ఎంబీ చొప్పున రాస్తుందనుకుంటే నింపడానికే గంట దాకా పడుతుంది. అయినా కొత్త డ్రైవ్ కొన్న రోజే, అందులో ఏమీ పెట్టకముందే ఈ పరీక్ష చెయ్యాలని నా గట్టి అభిప్రాయం. పేరున్న కంపెనీ సరుకైనా సరే, ఎందుకంటే ఆ పేర్లతోనే నకిలీలూ వస్తాయి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: 64 జీబీ డ్రైవ్ విండోస్‌లో 59 జీబీ చిల్లరగా కనిపిస్తే అది మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కిస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది.

సైజు నిజమైనదే అయినా, అన్ని చిప్పులూ ఒకేలా మన్నవు. ఫ్లాష్ మెమరీని 1980లలో జపాన్‌లోని తోషిబాలో ఇంజనీరుగా ఉన్న ఫుజియో మసువోకా కనిపెట్టారు. ఇవాళ పెన్‌డ్రైవ్‌లలో వాడే నాండ్ రకం 1987లో వెలుగులోకి వచ్చింది. విద్యుత్తును పోనివ్వని పొర చాటున కొన్ని ఎలక్ట్రాన్లను పట్టి ఉంచడమే దాని పని. కరెంటు తీసేసినా అవి అక్కడే ఉంటాయి కాబట్టి ఫైలు నిలుస్తుంది. మొదట్లో ఒక్కో సెల్‌లో, అంటే ఎలక్ట్రాన్లను పట్టి ఉంచే ఒక్కో చిన్న గదిలో, ఒక్క బిట్టే (సున్నా లేదా ఒకటి) దాచేవాళ్లు. చోటు పెంచి ధర తగ్గించడానికి రెండు, మూడు, ఇప్పుడు నాలుగు బిట్ల దాకా వచ్చారు. మూడు బిట్లంటే సెల్‌లోని ఎలక్ట్రాన్లకు ఎనిమిది మట్టాలు, నాలుగంటే పదహారు. గ్లాసులో నీళ్లున్నాయా లేవా అని చెప్పడం తేలిక. పదహారు గీతల్లో ఏ గీత దాకా ఉన్నాయో చెప్పాలంటే ఒక్క చుక్క తగ్గినా తేడా వస్తుంది.

ఎలక్ట్రాన్లను లోపలికి పంపిన ప్రతిసారీ, బయటికి లాగిన ప్రతిసారీ ఆ పొర కొంచెం అరుగుతుంది. ఒక బిట్ సెల్ సుమారు లక్ష సార్లు చెరిపి రాయడాన్ని తట్టుకుంటే, మూడు బిట్ల సెల్ కొన్ని వేల సార్లకే అలసిపోతుంది. పాటలు వినడం వల్ల పెద్దగా అరుగుదల లేదు, రాయడం వల్లే. కాబట్టి సీసీ కెమెరా రికార్డింగుకి మామూలు పెన్‌డ్రైవ్ పెట్టడం దాన్ని చేజేతులా చంపుకోవడమే. మంచి కంట్రోలర్ అయితే రాసే పనిని అన్ని సెల్స్ మీదికీ సర్దుతుంది, చిన్న చిన్న తప్పులను లెక్కకట్టి దిద్దుతుంది. చవక డ్రైవ్‌లో ఈ రెండు పనులూ అంతంతమాత్రం.

చిప్పుల సంగతి ఇంకా విచారకరం. నాణ్యత పరీక్షలో తప్పిన మెమరీ చిప్పులు కూడా మార్కెట్లోకి వస్తాయి. జర్మనీలో పనిచేసే సీబీఎల్ అనే డేటా రికవరీ సంస్థ, తమ దగ్గరికి వచ్చిన కొన్ని పెన్‌డ్రైవ్‌లలో తయారీదారు లోగో చెరిపేసిన చిప్పులు, కొన్నింటిలో బోర్డుకు అతికించిన మైక్రో ఎస్‌డీ కార్డులు ఉన్నాయని 2024లో బయటపెట్టింది. పైనుంచి చూసి వీటిని పసిగట్టడం మనవల్ల కాదు.

కాబట్టి కొనేటప్పుడు చూడాల్సినవి కొన్నే. బిల్లు ఇచ్చే షాపు, పేరున్న కంపెనీ, అవసరానికి తగ్గ సైజు. అయిదేళ్ల వారంటీ ఇచ్చే మోడళ్లు చాలానే ఉన్నాయి. కానీ పాడైతే కొత్త డ్రైవ్ ఇస్తారు తప్ప అందులోని మీ పాప ఫోటోలు ఇవ్వరు. వేగం దగ్గర బాక్సు మీది పెద్ద అంకె చదివే వేగం. రాసే వేగం చాలాసార్లు రాయరు, అది అందులో అయిదో వంతు కూడా ఉండకపోవచ్చు. మొదటి ఒకటి రెండు జీబీలు పరుగెత్తి తర్వాత నత్తనడక నడిచే డ్రైవ్‌లు కోకొల్లలు. బాక్సు మీద యూఎస్‌బీ 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1 అని రకరకాలుగా రాసినా అన్నీ సెకనుకు 5 గిగాబిట్ల యూఎస్‌బీయే, పేర్లు చూసి టెన్షన్ పడక్కర్లేదు. 4 జీబీ దాటిన వీడియో ‘ఎక్కడం లేదు’ అంటే డ్రైవ్ పాడవలేదు, ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉందన్నమాట. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ కొడితే ఎక్కుతుంది. కారు స్టీరియోలు కొన్ని ఫ్యాట్32నే చదువుతాయి కాబట్టి పాటల డ్రైవ్‌ను మాత్రం అలా మార్చకండి. ఇంకో మాట, ఎండాకాలం పార్కింగ్‌లో ఉడికే కారులో పాటలు ఉంచండి గానీ పత్రాలు ఉంచొద్దు. వేడికి ఎలక్ట్రాన్లు తొందరగా జారిపోతాయి.

జెరాక్స్ షాపుకి ప్రింటు కోసం వెళ్లేటప్పుడు ఆ పీడీఎఫ్ ఒక్కటే ఉన్న చిన్న డ్రైవ్ తీసుకెళ్లండి. రోజూ పదిమంది డ్రైవ్‌లు పెట్టే కంప్యూటర్ అది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే వైరస్ మన ఊళ్లలో ఎక్కువగా అలాంటిచోటే అంటుకుంటుంది.

పెన్‌డ్రైవ్ మీద నాకున్న నమ్మకం ఫైళ్లు మోసుకెళ్లే వరకే. ఏళ్ల తరబడి దాచాల్సిన వాటికి హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ, ఇంకోచోట ఇంకో కాపీ ఉండాలి. స్టూడియో వాళ్లు పెళ్లి ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తే ఆ రోజే రెండు చోట్ల దించుకోండి. మీరే ఎవరికైనా ఎక్కించి ఇస్తుంటే, కాపీ అవగానే అదే కంప్యూటర్‌లో తెరిచి చూసి తృప్తిపడొద్దు. ఇందాకే కాపీ అయిన ఫైలును కంప్యూటర్ చాలాసార్లు డ్రైవ్ నుంచి కాకుండా తన సొంత ర్యామ్ (తాత్కాలిక మెమరీ) నుంచే చూపిస్తుంది. ఎజెక్ట్ కొట్టి తీసి, వీలైతే వేరే కంప్యూటర్‌కి పెట్టి, చివర్లో ఎక్కించిన వీడియోలను మధ్యకీ చివరికీ జరిపి చూడండి. కెమెరా కార్డు ఫార్మాట్ చెయ్యడం ఆ తర్వాత.