రాడ్లున్న కాలు కింద పెట్టాలా వద్దా, ఈ గొడవ వెనక ఒక గొర్రెల కథ ఉంది

ఒడిశాలో రాయగడ, గుణుపూర్, జైపూర్ వైపు మన తెలుగు ఇళ్లల్లో ఇదే వాదన మళ్లీ మొదలైంది. బైక్ మీంచి పడి మోకాలి కింద ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొస్తే ఘాట్ దిగి విశాఖ తీసుకెళ్తారు, అక్కడ పిన్నులు దింపి బయట రాడ్డు బిగించి పంపిస్తారు, ఆ డాక్టరు గారేమో చంకకర్రలతో కొంచెం కొంచెం బరువు వేస్తూ నడవమంటారు. ఇంటికొచ్చి ఇక్కడ డ్రెస్సింగ్‌కి వెళ్తే అడుగు కింద పెట్టావో మళ్లీ విరుగుద్ది జాగ్రత్త అంటారు. మధ్యలో మావయ్య ఒకాయన పుత్తూరు కట్టు కట్టించుంటే ఈపాటికి పొలం వెళ్లేవాడు కదరా అని అందుకుంటాడు. పుండు పడి ఎముక బయటపడిన కాలికి కట్టు కడితే ఏమవుద్దో ఆయనకి ఎవరు చెప్తారు గానీ, మిగతా ఇద్దరి సంగతి చూద్దాం.

ఈ బయటి రాడ్డునే ఫిక్సేటర్ అంటారు. దాన్ని ఎవరు కనిపెట్టారు, సైబీరియాలో ఇలిజరోవ్ అనే డాక్టరు రింగులతో ఏం చేశాడు అన్నది చాలామంది వీడియోల్లో చూసేసిందే, వదిలేస్తున్నా. నా లెక్కలో అసలు మలుపు 1985. బ్రిటన్‌లో ఆలెన్ గుడ్‌షిప్ అనే పశువైద్యుడు, జాన్ కెన్‌రైట్ అనే ఎముకల డాక్టరు కలిసి గొర్రెల కాలి ఎముక కోసి, మధ్యలో 3 మిల్లీమీటర్ల సందు వదిలి, బయట ఫిక్సేటర్ బిగించారు. కొన్నిటికి రాడ్డు కదలకుండా గట్టిగా ఉంచేశారు, కొన్నిటికి మాత్రం రోజుకి 17 నిమిషాలు, రెండు సెకన్లకోసారి, ఎముక నిడివి దిశలో 1 మిల్లీమీటర్ నొక్కి వదిలారు. అంతే, రోజు మొత్తంలో ఓ 500 సార్లు. కదిలించిన వాటిలో ఎముక త్వరగా, గట్టిగా అతుక్కుంది.

ఇందులో వింతేముంది అనిపించొచ్చు. వింత ఏంటంటే అప్పటికి డాక్టర్లు చదువుకున్నది దీనికి సరిగ్గా ఎదురు. 1958లో స్విట్జర్లాండ్‌లో ఏఓ (AO) అనే సర్జన్ల బృందం మొదలైంది, విరిగిన ముక్కల్ని ప్లేటూ స్క్రూలూ వేసి అస్సలు కదలకుండా బిగించాలి, అప్పుడు విరిగిన చోట పెరిగే కాలస్ అనే కొత్త ఎముక ముద్ద కూడా లేకుండా నేరుగా అతుక్కుంటుంది అన్నారు. ప్లేటు విషయంలో అది నిజమే కూడా. కాకపోతే ఆ మాటే పట్టుకుని ఒక తరం మొత్తం బయట రాడ్డుకీ అదే రూల్ పెట్టింది, రాడ్డు ఎముకకి దూరంగా గాల్లో ఉంటుంది, ప్లేటంత బిగుతు దానికి ఎక్కడిది, ముక్కల మధ్య సందు ఉండనే ఉంటుంది. ఆ సందు నిండాలంటే కాలస్ రావాలి, కాలస్ రావాలంటే కొంచెం కదలిక కావాలి. ఇక్కడ వినిపించే "అడుగు పెట్టొద్దు" అనే మాటకి మూలం నాకు కనిపించినంతవరకు ఆ రోజుల్లోనే ఉంది.

ఆ ఏఓ వాళ్లలోనే స్టీఫన్ పెరెన్ అనే ఆయన దీనికి ఒక లెక్క ఇచ్చాడు. విరిగిన చోట మొదట పుట్టే మెత్తటి కణజాలం 100 శాతం సాగినా తట్టుకుంటుంది, మృదులాస్థి 10 శాతం దాకా, గట్టి ఎముక 2 శాతమే. 3 మిల్లీమీటర్ల సందులో 1 మిల్లీమీటర్ అంటే 33 శాతం. మొదటి రోజుల్లో ఉన్న మెత్తటి పదార్థానికి అది పెద్ద లెక్క కాదు, కానీ గట్టిపడుతున్న ఎముకకి అది చాలా ఎక్కువ. అంటే కాలు కదిలించాలా వద్దా అనే కంటే ఎప్పుడు, ఎంత అన్నదే ముఖ్యం.

ఎంత అన్నదానికి గుడ్‌షిప్, కెన్‌రైట్‌లే 1989లో జవాబిచ్చారు, కదలిక 2 మిల్లీమీటర్లకి పెంచితే అతుక్కోవడం దెబ్బతింది. ఎప్పుడు అన్నదానికి 1998లో ఇచ్చారు, గొర్రెల్లో మొదట్లోనే ఇస్తే పనికొచ్చిన అదే కదలిక ఆరు వారాల తర్వాత మొదలెడితే ఎదురు తిరిగింది. మూడు నెలలు మంచం మీదే ఉండి అప్పుడు నడుద్దాంలే అనుకునేవాళ్లు ఈ రెండో ముక్క ఒకసారి చూడాలి. ఎలుకల మీద చేసిన తర్వాతి కొన్ని ప్రయోగాల్లో అయితే మొదట వదులుగా, తర్వాత బిగుతుగా ఉంచడమే మేలు అని తేలింది, వాడుకలో ఉన్న పద్ధతి దీనికి తలకిందులు, మొదట బిగించి తర్వాత వదులు చేస్తారు.

మనుషుల సంగతి 1991లో వచ్చింది. ఫిక్సేటర్‌కి చిన్న పంపు తగిలించి రోజుకి 20 నిమిషాలు కదిలించిన వాళ్లకి సగటున 23 వారాల్లో అతుక్కుంటే, గట్టిగా బిగించేసిన వాళ్లకి 29 వారాలు పట్టింది. ఆరు వారాలంటే కూలి పనికి వెళ్లే ఇంట్లో ఎంతో చెప్పక్కర్లేదు. పంపు మనకెక్కడిది అంటే దానికంటే ముందే ఇటలీలో వెరోనా డాక్టర్లు డి బాస్టియానీ వాళ్లు రాడ్డులో ఒక స్క్రూ వదులు చేస్తే మనిషి బరువే నిలువునా ఎముక మీద పడేలా ఫిక్సేటర్ తయారుచేశారు, డైనమైజేషన్ అంటారు, విశాఖ డాక్టరు గారు మళ్లీ చెకప్‌కి రమ్మన్నది ఆ స్క్రూ కోసం కూడా కావచ్చు.

వద్దనే వాళ్లదీ ఒట్టి భయం కాదు. పిన్ను చుట్టూ చీము పట్టి పిన్నే వదులైతే కాలు నిలువునా కాకుండా పక్కకి, మెలికగా కదులుద్ది, ఎముకకి మేలు చేసే కదలిక అది కాదు. వానాకాలం ఇంట్లో డ్రెస్సింగ్ సరిగ్గా చేసుకోని కాలు చూసిన డాక్టరు నడవొద్దు అనే అంటారు. నిలువునా ఉండే కాస్త కదలికకి, మెలిక కదలికకి తేడా ఎక్స్‌రే తీసి పిన్ను పట్టి చూస్తే గానీ తెలీదు.

ఈ మధ్య కొందరు ఎముక త్వరగా అతుక్కోవడానికి అల్ట్రాసౌండ్ మెషిన్ అద్దెకి తెచ్చుకుందామా అని కూడా అడుగుతున్నారు. 2016లో కాలి ఎముక విరిగి లోపల రాడ్డు వేయించుకున్న 500 మంది మీద చేసిన ట్రయల్‌లో దానివల్ల తేడా ఏమీ కనిపించలేదు, ఆ డబ్బులు విశాఖ చెకప్‌కి వెళ్లే రైలు టికెట్లకి పెట్టుకోండి.

ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. రాడ్డు వేసినాయన ఒక రాష్ట్రం, చూసే ఆయన ఇంకో రాష్ట్రం, మధ్యలో డిశ్చార్జ్ కాగితం ఒక్కటే. దాని మీద ఎంత బరువు, ఏ వారం నుంచి, స్క్రూ ఎప్పుడు వదులు చేయాలి అనేది సాధారణంగా రాసి ఉండదు, ఫిక్సేటర్ వేశాం, రెండు వారాలకి రండి అని ఉంటుంది. అది చూసి ఇక్కడి డాక్టరు ఏ ధైర్యంతో నడువు అంటారు. విశాఖ నుంచి బయల్దేరే ముందే ఆ మూడూ కాగితం మీద రాయించుకుని, ఎక్స్‌రే ఫిల్మ్ కూడా పట్టుకొస్తే ఇక్కడి డాక్టరుకి కనీసం ఎవరు ఏమన్నారో తెలుస్తుంది.