ఐస్‌బాక్స్‌లో బార్లీ పానకం

బెంగళూరు మారతహళ్లిలోని మా ఫ్లాట్‌లో ఐస్‌బాక్స్‌లో ఐస్ వేసి చాలా రోజులైంది. ఇప్పుడు అందులో వేడినీళ్లు, మర పట్టిన బార్లీ మాల్ట్ వేసి మూత పెడుతున్నాం. బయటి వేడిని లోపలికి రానివ్వని పెట్టె లోపలి వేడిని మాత్రం ఎందుకు వదులుతుంది? బీరు తయారీలో ఈ మెట్టు పేరు మ్యాషింగ్. ఈస్ట్ వేసి బీరు చేయాలంటే ఎక్సైజ్ వాళ్ల సంగతి వేరే ఉంది. మన కథ తియ్యటి పానకం దగ్గరే ఆగుతుంది.

మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన గింజ. అందులో అమైలేజ్ ఎంజైములు ఉంటాయి. అన్నం బాగా నమిలితే తియ్యగా అనిపించేది మన లాలాజలంలోని అమైలేజ్ వల్లే. 65–68 డిగ్రీల సెల్సియస్‌లో గంటసేపు ఉంచితే ఇవి గింజలోని పిండిని చక్కెరలుగా తెంచేస్తాయి. కిలోకు 3 లీటర్ల చొప్పున 73 డిగ్రీల నీళ్లు పోస్తే సుమారు 67 దగ్గర కుదురుకుంటుంది. పెట్టెను ముందే వేడినీళ్లతో తొలవాలి, లేకపోతే ఆ వేడి కాస్తా అదే తాగేస్తుంది.

ఎంత చక్కెర దిగిందో లెక్కకి, సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ఉంది. పానకాన్ని 20 డిగ్రీలకు చల్లార్చి చూడాలి. సాంద్రత 1.045 అయితే 45 పాయింట్లు. వాటిని లీటర్లతో గుణిస్తే కిలో మాల్ట్‌కు గరిష్ఠంగా 300 దాకా రావాలి. మా 5 కిలోలకు 1500 రావాల్సింది, 20 లీటర్లు 1.045 దగ్గర తేలి 900 వచ్చాయి. అంటే 60 శాతం. రూపాయికి నలభై పైసలు పిప్పిపాలు!

పెట్టె వేడి వదిలేస్తోందనుకుని ఈసారి దుప్పటి చుట్టాను. గంటలో ఒక్క డిగ్రీ తగ్గింది, పాయింట్లు మాత్రం అవే. అప్పుడు మందుల డబ్బాలోంచి బెటాడిన్ తీశాను. చల్లారిన పానకం చుక్క తెల్ల సాసర్‌లో వేసి అయోడిన్ కలిపితే గోధుమరంగులోనే ఉంది, పిండి లేదన్నమాట. పిప్పిలోంచి ఒక నూకను చెంచాతో నలిపి అదే చుక్క వేశాను. నల్లటి నీలం! నూక మధ్యకు నీళ్లే చేరలేదు.

"మిక్సీలో వేసేద్దాం బావా," అన్నాడు మా బావమరిది. వేశాం. పొట్టు కూడా పిండైపోయి, కుళాయి దగ్గర అట్టకట్టి చుక్క దిగలేదు. పొట్టే ఇక్కడ వడపోత గుడ్డ. ఆ తర్వాతిసారి మాల్ట్‌పై అరగ్లాసు నీళ్లు చిలకరించి కాసేపు ఉంచాం. పొట్టు సాగుతుంది, చిట్లదు. రెండు రోలర్ల చేతిమరలో సందు 1 మిల్లీమీటరుకు తగ్గించాం. ఏటీఎం కార్డు మందం 0.76, దానికంటే కాస్త వదులుగా అన్నమాట.

కడగడం కూడా మార్చాం. 5 కిలోల పిప్పి దాదాపు 5 లీటర్లు పట్టుకుంటుంది, అదీ తియ్యటిదే. ఫిల్టర్ కాఫీకి రెండో డికాక్షన్ తీసినట్టు, మొదటి 10 లీటర్లు దిగాక మరో 10 లీటర్ల వేడినీళ్లు పోసి, బాగా కలిపి, మళ్లీ దించాం. ఈ నీళ్లు 77 డిగ్రీలు దాటితే పొట్టులోని వగరు దిగే ప్రమాదం ఉంది. బోరు నీళ్లలో బైకార్బనేట్ ఎక్కువైతే పీహెచ్ పెరిగి అదే తంటా. మ్యాష్ పీహెచ్ 5.2–5.6 మధ్య ఉండాలి.

ఈసారి 1.055 వచ్చింది, అంటే 73 శాతం. మిగతాది పొద్దున్నే వీధి చివర పాలవాళ్ల ఆవు తినేసింది, తొట్టి కూడా నాకింది.