సర్వర్లు తమ సంగతి తామే చూసుకుంటాయన్న హామీ ఎప్పటిది?

ఈమధ్య ఏ క్లౌడ్ కంపెనీ ప్రకటన చూసినా ఒకటే మాట. సర్వర్ పడిపోతే ఏఐ ఏజెంట్ కనిపెడుతుంది, కారణం వెతుకుతుంది, సరిచేస్తుంది. ఇంజనీరు పొద్దున్నే లేచి రిపోర్టు చదువుకుంటే చాలు. నైట్ షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఈ మాట వింటే కాస్త ఆశ, దాన్ని మించిన టెన్షన్. కానీ ఈ హామీ కొత్తది కాదు. పాతికేళ్ల కిందటే దీన్ని గట్టిగా ఇచ్చారు. అప్పుడేం జరిగిందో తెలిస్తే ఇప్పటి ప్రకటనలను సరిగ్గా బేరీజు వేసుకోవచ్చు.

2001 అక్టోబరులో ఐబీఎం పరిశోధన విభాగాధిపతి పాల్ హార్న్ ఒక పత్రం విడుదల చేశారు. కంప్యూటర్ పరిశ్రమకు ఇక అడ్డుపడేది వేగమో ధరో కాదు, సంక్లిష్టత అన్నది దాని సారాంశం. అందులో ఆయన టెలిఫోన్ల చరిత్రను గుర్తుచేశారు. ఫోన్లు పెరుగుతున్న తీరు చూస్తే, 1980ల నాటికి అమెరికా జనాభాలో సగంమంది టెలిఫోన్ ఆపరేటర్లుగా పనిచేయాల్సి వస్తుందని ఒకప్పుడు అంచనా వేశారట. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీలు వచ్చి ఆ గండం గట్టెక్కించాయి. సర్వర్లకూ అలాంటి మార్గమే వెతకాలని హార్న్ వాదన. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలో, చెమట ఎప్పుడు పట్టాలో మనం ఆలోచించనక్కర్లేకుండా నాడీవ్యవస్థే చూసుకుంటుంది కదా, కంప్యూటర్లనూ అలా తయారుచేద్దాం అన్నారు.

సంక్లిష్టత గురించిన ఆ భయానికి ఆధారం ఉంది. 1985లోనే జిమ్ గ్రే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, టాండెమ్ కంపెనీ యంత్రాలు ఎందుకు ఆగిపోతున్నాయో లెక్క తీశారు. పడిపోకూడదనే ప్రత్యేకంగా కట్టిన యంత్రాలవి. అయినా వైఫల్యాల్లో 42 శాతం నిర్వహణ దగ్గరే పుట్టాయి: ఆపరేటర్ల పొరపాట్లు, తప్పు సెట్టింగులు, మరమ్మతుల్లో జరిగిన తేడాలు. హార్డ్‌వేర్ వాటా 18 శాతమే. అది కూడా యంత్రం మొత్తం ఒకే కంపెనీది అయినప్పటి సంగతి. 2001 నాటికి పరిస్థితి ఇంకా ముదిరింది. వెబ్‌సైట్‌లో కస్టమర్ ఒక్క ఆర్డర్ పెడితే అది ఫైర్‌వాల్, వెబ్ సర్వర్, అప్లికేషన్ సర్వర్, డేటాబేస్, స్టోరేజ్ అన్నీ దాటుకుని వెళ్లాలి. ఒక్కోటి ఒక్కో కంపెనీ సరుకు, ఒక్కోదానికి వందల సెట్టింగులు. డేటాబేస్‌కు మెమరీ కాస్త పెంచితే పక్కనున్న అప్లికేషన్ నెమ్మదిస్తుంది. ఎందుకు నెమ్మదించిందో చెప్పగల మనిషి ఆ ఆఫీసు మొత్తంలో ఒక్కరో ఇద్దరో ఉంటారు.

2003 జనవరిలో ఐబీఎం పరిశోధకులు జెఫ్రీ కెఫార్ట్, డేవిడ్ చెస్ ఈ ఆలోచనకు ఒక రూపం ఇచ్చారు. వ్యవస్థ తనను తాను అమర్చుకోవాలి, బాగుచేసుకోవాలి, మెరుగుపరచుకోవాలి, కాపాడుకోవాలి. అందుకు ఒక చక్రం: గమనించడం, విశ్లేషించడం, పథకం వేయడం, అమలు చేయడం, మళ్లీ గమనించడం. సన్ మైక్రోసిస్టమ్స్, హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కూడా ఆ రోజుల్లోనే ఇలాంటి పథకాలు ప్రకటించాయి. ఒరాకిల్ తన 10జీ డేటాబేస్‌ను, తనను తానే చూసుకుంటుందని చెప్పి మరీ అమ్మింది.

కంపెనీలు మాత్రం ఆ కల నిజమయ్యే రోజు కోసం కూర్చోలేదు. సంక్లిష్టతకు అవి వెంటనే పట్టుకున్న మందు హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో దొరికింది. అమెరికాలో పగలు నడిచే సర్వర్లకు ఇక్కడ రాత్రంతా కాపలా. డిస్క్ 90 శాతం నిండిందని అలర్ట్ వస్తుంది, ఫిర్యాదు నమోదై టికెట్ తెరుచుకుంటుంది. ఎల్1, అంటే మొదటి అంచెలో పనిచేసే కుర్రాడు, ఏ సమస్యకు ఏం చేయాలో వరుసగా రాసిన రన్‌బుక్‌లో ఉన్నట్టు పాత లాగ్ ఫైళ్లు తీసేస్తాడు. తగ్గకపోతే పై అంచె ఎల్2కి ఫోను, అప్పటికీ తేలకపోతే పదిమందిని ఒకే లైన్లో కలిపే బ్రిడ్జ్ కాల్. తెల్లారాక ఆర్‌సీఏ, అంటే అసలు కారణం ఏమిటో చెప్పే నివేదిక రాయాలి. గమనించు, విశ్లేషించు, పథకం వెయ్యి, అమలు చెయ్యి అన్న ఆ చక్రాన్ని ఏళ్ల తరబడి తిప్పింది ఈ మనుషులే. అమీర్‌పేటలో ఒరాకిల్ డీబీఏ (డేటాబేస్ నిర్వహణ), సొలారిస్ (సర్వర్ల ఆపరేటింగ్ సిస్టమ్) కోర్సులు నేర్చుకుని వచ్చినవాళ్లు వాళ్లలో ఎందరో. ఈ రంగం చరిత్ర రాసేవాళ్లు వాళ్ల ఊసు ఎత్తరు. అది అన్యాయం. ఐబీఎం సంగతే చూడండి. హార్న్ పత్రానికి 20 ఏళ్లు నిండిన 2021లో, ఇతర కంపెనీల సర్వర్లను నిర్వహించి పెట్టే తన విభాగాన్ని కిండ్రిల్ పేరుతో విడిగా కంపెనీ చేసింది. అందులో ఉద్యోగులు సుమారు 90,000 మంది.

అలాగని ఆ కల వట్టిపోలేదు, వేరే దారిన వచ్చింది. 1993లోనే ఓస్లోలో మార్క్ బర్జెస్ సీఎఫ్‌ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ రాశారు. యంత్రం ఎలా ఉండాలో ఒకసారి చెబితే, తేడా వచ్చినప్పుడల్లా అది మళ్లీ ఆ స్థితికి తెస్తుంది. గూగుల్ తన సొంత సర్వర్లను నడపడానికి బోర్గ్ అనే సాఫ్ట్‌వేర్‌ను కట్టుకుంది. ఆ అనుభవంతో 2014లో కుబెర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్‌ను అందరికీ విడుదల చేసింది. ఫలానా అప్లికేషన్ మూడు కాపీలు నడవాలని రాసి పెడితే, ఒకటి చచ్చిపోయిన వెంటనే ఇంకొకటి లేస్తుంది. ఇప్పుడు అలాంటి చావులకు ఎవరికీ నిద్ర చెడదు. ఇది నిజమైన మేలు, కాదనడానికి లేదు.

అయితే సంక్లిష్టత తగ్గిందా అంటే, నా లెక్కలో తగ్గలేదు. సర్వర్ల నుంచి, వాటిని చూసుకునే సాఫ్ట్‌వేర్‌లోకి మారింది. మనస్తత్వ శాస్త్రవేత్త లిసాన్ బైన్‌బ్రిడ్జ్ 1983లోనే ఈ విషయంలో హెచ్చరించారు. తేలిక పనులన్నీ యంత్రానికి అప్పగిస్తే మనిషికి మిగిలేవి కష్టమైనవే, పైగా రోజూ చేయకపోవడంతో అప్పటికి నైపుణ్యం పోయి ఉంటుంది అన్నారు. 2021 అక్టోబరు 4న జరిగింది చూడండి. మన దగ్గర రాత్రి 9 దాటాక వాట్సాప్, ఫేస్‌బుక్ ఆగిపోయాయి. ఒక తప్పు కమాండ్ ఫేస్‌బుక్ అంతర్గత నెట్‌వర్క్‌ను తెంపేసింది. డేటా సెంటర్లు అందకపోయేసరికి, లోపం తమలోనే ఉందనుకుని, వెబ్‌సైట్ పేరును బట్టి చిరునామా చెప్పే డీఎన్ఎస్ సర్వర్లు తమంతట తామే ఇంటర్నెట్ నుంచి తప్పుకున్నాయి. తనను తాను కాపాడుకోవాలన్న నియమాన్ని అవి తు.చ. తప్పకుండా పాటించాయి. ఇంజనీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్లి బాగుచేసేసరికి దాదాపు 6 గంటలు పట్టింది.

2025 అక్టోబరు 20, దీపావళి నాడు అమెజాన్ క్లౌడ్ వర్జీనియా కేంద్రంలో జరిగింది ఇంకా స్పష్టమైన ఉదాహరణ. అక్కడ డైనమోడీబీ అనే డేటాబేస్ చిరునామాలకు ఒక సాఫ్ట్‌వేర్ పథకం వేస్తే, ఇంకొకటి అమలు చేస్తుంది. జాగ్రత్త కోసం ఆ అమలు చేసేవి ఒకటికి మించి ఉంటాయి. వాటిలో ఒకటి బాగా ఆలస్యమై, కొత్త పథకం మీద పాతదాన్ని రుద్దింది. అదే సమయానికి ఇంకొకటి పాతవాటిని శుభ్రం చేస్తూ ఆ పాత పథకాన్ని చెరిపేసింది. చిరునామా ఖాళీ అయింది. ఆ ఖాళీని నింపడం ఆ సాఫ్ట్‌వేర్‌కు చేతకాలేదు. మనుషులు కలగజేసుకుని చేత్తో సరిచేసేసరికి రెండున్నర గంటలు దాటింది. దాని మీద ఆధారపడ్డ మిగతా సేవలు కోలుకోవడానికి ఇంకా చాలాసేపు పట్టింది. లోపం సరిదిద్దేవరకు ఆ ఆటోమేషన్‌ను ప్రపంచమంతటా ఆపేశామని అమెజాన్ ఆ తర్వాత తన నివేదికలో చెప్పింది.