గజాలీపై నింద: వెయ్యేళ్ల వివాదంలో మరుగున పడిన జీతాల లెక్క

గణితం సైతాను విద్య అని మతపండితుడు అల్ గజాలీ తీర్పు చెప్పాడని, ఇస్లామిక ప్రపంచంలో విజ్ఞానం అక్కడితో కొడిగట్టిందని చెప్పే ప్రసంగాలు మళ్లీ చక్కర్లు కొడుతున్నాయి. గ్రీకు గ్రంథాలకు బాగ్దాద్‌లో వచ్చిన అరబ్బీ అనువాదాలు, గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ బీజగణితం వంటి అంతకు ముందటి విజయాలు పాఠకులకు తెలిసినవే కనుక నేరుగా 1095కు వెళ్లవచ్చు.

ఆ ఏడాది బాగ్దాద్ నిజామియా మదరసాలో ఆచార్య పదవిని వదిలి వెళ్లేనాటికి గజాలీ 'తహాఫుత్ అల్ ఫలాసిఫా' (తత్వవేత్తల అసంగతి) అనే గ్రంథం పూర్తిచేశాడు. అందులో తత్వవేత్తల 20 వాదాలను ఖండించి, ప్రపంచం అనాది అనడంతో సహా మూడింటిని అవిశ్వాసంగా తేల్చాడు. నింద మోపేవారికి ఉన్న గట్టి ఆధారం ఇదే. అయితే భూమి అడ్డు రావడం వల్లే చంద్రగ్రహణం కలుగుతుందని, లెక్కతో రుజువైన ఇలాంటి సంగతులను మతం పేరిట కాదనేవాడు మతానికే చేటు తెస్తాడని ఆ గ్రంథం పీఠికలోనే ఉంది. ప్రసంగకర్తలు పీఠిక దాకా వెళ్లినట్టు లేదు.

గజాలీ పోయిన రెండున్నర శతాబ్దాలకు, డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో నమాజు వేళలు లెక్కగట్టే మువఖ్ఖిత్ ఇబ్న్ అల్ షాతిర్, 1371 ప్రాంతంలో అక్కడి మినారుపై దాదాపు రెండు మీటర్ల పాలరాతి నీడ గడియారాన్ని అమర్చాడు. చంద్రుడి గతికి ఆయన కట్టిన నమూనా, తర్వాత కోపర్నికస్ వాడినదీ ఒకటేనని 1950లలో చరిత్రకారులు గుర్తించారు. అంటే మసీదు జీతం మీదే ఖగోళశాస్త్రం నడిచింది.

కాబట్టి చూడవలసింది ఫత్వాల కన్నా ముందు ఖజానాను. 1259లో ఖగోళవేత్త నసీరుద్దీన్ తూసీ ఆధ్వర్యంలో ఇరాన్‌లోని మరాగాలో మొదలైన వేధశాలకు (ఆకాశ పరిశీలన కేంద్రానికి) వక్ఫ్ రాబడి, అంటే ధర్మకార్యాలకు శాశ్వతంగా రాసిచ్చిన ఆస్తుల ఆదాయం, తోడైంది గనుకనే, 1265లో దాన్ని పోషించిన మంగోలు పాలకుడు హులగూ చనిపోయినా పని ఆగలేదు. పాలకుడి అభిరుచే ఆధారమైన సమర్‌ఖండ్‌లో మాత్రం, 1449లో ఆ పాలకుడు ఉలుగ్ బేగ్ హత్యతో వేధశాల మూలబడింది. ఒట్టోమన్ రాజధాని ఇస్తాంబుల్‌లో ఇది మరింత స్పష్టం: ఖగోళవేత్త తఖీయుద్దీన్ వేధశాలకు అండగా నిలిచిన ప్రధాన వజీరు సోకొల్లు మెహమెద్ పాషా 1579 అక్టోబరులో హతుడయ్యాడు, మూడు నెలలు తిరిగేసరికి, 1580 జనవరిలో, సుల్తాన్ మూడో మురాద్ ఆజ్ఞతో దాన్ని కూల్చేశారు. రాజ్యంలో అత్యున్నత మతాధికారి అయిన షేకుల్ ఇస్లాం అందుకు సలహా ఇచ్చిన మాట నిజమే. కానీ వజీరు బతికి ఉన్నన్నాళ్లూ ఆ గోడల జోలికి ఎవరూ రాలేదు. మసీదుల పక్కన మువఖ్ఖిత్‌ల గదులు మాత్రం అదే నగరంలో 20వ శతాబ్దం దాకా పనిచేశాయి.