కొబ్బరి ఆకు కింద ఖాళీ పెంకులు

కొబ్బరి ఆకుల అడుగున సున్నం చల్లినట్టు తెల్లటి వలయాలు, చెట్టు కింద వేసిన అరటి, కోకో ఆకుల మీద నల్లటి మసి. కోనసీమ రైతుకు ఇది ఇప్పుడు బాగా తెలిసిన బెడదే. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి తోటల్లో మొదటిసారి కనిపించినప్పుడు మాత్రం, ఇది ఏ పురుగో ముందు తేల్చాల్సి వచ్చింది.

తెల్లదోమ అని చూడగానే చెప్పొచ్చు. ఏ తెల్లదోమ అన్నదే చిక్కు. జామ, బొప్పాయి ఆకుల మీద ఇలాగే వలయాలుగా గుడ్లు పెట్టే మరో తెల్లదోమ 1990లలోనే మన దేశానికి వచ్చింది. కొత్తది మామూలు తెల్లదోమల కన్నా దాదాపు మూడింతలు పెద్దది, మందకొడిగా కదులుతుంది, రెక్కల మీద లేత గోధుమరంగు చారలుంటాయి. వీటితో అనుమానం వస్తుంది, అంతే. గట్టిగా చెప్పాలంటే రెక్కల పురుగును వదిలేసి, ఆకుకు అతుక్కుని ఉండే పిల్ల పురుగు చివరి దశను మైక్రోస్కోప్ కింద పెట్టాలి. దాని వెనక భాగంలో తీపి జిగురు బయటికి వచ్చే రంధ్రం, ఆ రంధ్రం మీద చిన్న మూత ఉంటాయి. ఆ మూత ముడతలు పడి ఉండటం ఈ జాతి గుర్తుల్లో ముఖ్యమైనది. ఇది మధ్య అమెరికా పురుగు. 2004లో బెలీజ్ నుంచి వచ్చిన నమూనాలతో దీన్ని కొత్త జాతిగా వర్ణించి, అల్యూరోడికస్ రూగియోపెర్క్యులేటస్ అని పేరు పెట్టారు.

పేరు తేలాక ఈ పురుగు గురించి ఇతర దేశాల్లో తెలిసిన సంగతులన్నీ మనకూ పనికొచ్చాయి. 2009 నుంచి దీనితో వేగుతున్న ఫ్లోరిడాలో ఎన్కార్సియా అనే ప్రజాతికి చెందిన బదనికలు దీన్ని అదుపు చేస్తున్నాయి. మిల్లీమీటరు కూడా ఉండని ఈ కందిరీగ బంధువులు తెల్లదోమ పిల్లల్లో గుడ్లు పెడతాయి. వాటిలో ఒకటైన ఎన్కార్సియా గ్వాడెలూపే మన తోటల్లోనూ దొరికింది. ఘాటైన పురుగుమందు కొడితే ముందు పోయేది ఇదే. అందుకే తెల్లగా కనిపించిన ప్రతిదాని మీదా మందు కొట్టేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

బదనికలు ఉన్నాయో లేవో తెలుసుకోవడానికి మంచి భూతద్దం చాలు. ఆకు అడుగున ఉన్న తెల్లటి మైనం తుడిచి ఖాళీ పెంకులు చూడండి. తెల్లదోమ బయటికి వచ్చిన పెంకు ఇంగ్లిష్ 'టి' అక్షరంలా చీలి ఉంటుంది. బదనిక వచ్చినదానికి గుండ్రటి బెజ్జం ఉంటుంది. ఆ బెజ్జం బదనిక నోటితో కొరికి చేసుకున్నది. ఒక్క ఆకు మీద చూసి ఆగకుండా నాలుగైదు చెట్ల ఆకులు చూస్తే ఏ రకం పెంకులు ఎక్కువో తెలుస్తుంది.

మసిని చూసి భయపడక్కర్లేదు. అది ఒక శిలీంధ్రం. ఆకును తినదు, తెల్లదోమ కార్చే జిగురులోని చక్కెర మీద బతుకుతుంది. అయితే ఎండను అడ్డుకుంటుంది కాబట్టి చిన్న మొక్కలైతే నీళ్ళు గట్టిగా కొట్టి కడగడం మంచిది. పురుగేమిటో తేలకపోతే పెంకులున్న ఆకు ముక్కను కాగితం కవర్లో పెట్టి దగ్గర్లోని ఉద్యాన పరిశోధన కేంద్రానికి ఇవ్వండి. ఎగిరే పురుగు ఫొటో ఒక్కటే ఇస్తే వాళ్ళు కూడా తేల్చలేకపోవచ్చు. బదనికలు బాగా ఉన్న తోట నుంచి, అవి ఇంకా బయటికి రాని పెంకులున్న ఆకు ముక్కలు తెచ్చి, కొత్తగా తెల్లదోమ పట్టిన చెట్ల ఆకులకు పిన్నుతో గుచ్చితే బదనికలు అక్కడికీ చేరతాయి.