కడప నీళ్లు, గప్పీ చేపలు, వాటికి తగిన మొక్కలు

కడపలో చేపల అంగడికి పోయినవాళ్లు ముందు చేప రంగు చూస్తారు, తర్వాత మొక్క పచ్చదనం చూస్తారు. రెండూ తెచ్చి ఇంట్లో బోరు నీళ్లలో వేస్తారు. కొన్నాళ్లకు మొక్క ఆకులు పసుపు తిరిగి, పలచబడి, ఒక్కొక్కటే ఊడి పైకి తేలతాయి. లైటు చాల్లేదేమో, ఎరువు వేయాలేమో అని మళ్లీ అంగడికి పోయి ఏదో సీసా కొంటారు. చాలా ఇళ్లలో లోపం లైటుది కాదు, ఎరువుదీ కాదు. ఆ మొక్కకు మన నీళ్లలో తిండి తినడం చేతకాదు.

మన బోరు నీళ్ల సంగతి వంట చేసేవాళ్లెవరికైనా తెలుసు. కందిపప్పు ఒక పట్టాన ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజరు కాయిల్‌కు తెల్లగా పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు చాలావరకు సున్నమే. వేంపల్లె నుంచి ఎర్రగుంట్ల దాకా కాళ్ల కింద సున్నపురాయి ఉంది కాబట్టే ఇక్కడ అన్ని సిమెంట్ ఫ్యాక్టరీలు వచ్చాయి. వంటింట్లో పరిచే నల్ల కడప బండ కూడా సున్నపురాయే. గట్టు మీద నిమ్మరసం పడినచోట నునుపు పోయి మరక మిగిలేది అందుకే. వాననీరు మట్టిలోంచి దిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కొంచెం పుల్లబడుతుంది. నిమ్మరసం నిమిషంలో చేసే పనిని ఆ నీరు ఏళ్ల తరబడి నెమ్మదిగా చేస్తుంది. రాయి కరిగి కాల్షియం, బైకార్బనేట్ రూపంలో మన బోరులోకి చేరుతుంది.

ఇక్కడే మొక్కల మధ్య తేడా తెలుస్తుంది. ఏ మొక్కకైనా పెరగడానికి కార్బన్ కావాలి. నేల మీది మొక్క దాన్ని గాలి నుంచి తీసుకుంటుంది. నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కదలిక గాలిలో కన్నా సుమారు పదివేల రెట్లు నెమ్మది, కాబట్టి ఆకు దాకా వచ్చేదే తక్కువ. పైగా పీహెచ్ (నీళ్ల పులుపును, క్షారాన్ని చెప్పే కొలత; 7 మధ్యస్థం, పైకి పోతే క్షారం) 8 దగ్గర ఉండే నీళ్లలో, కరిగి ఉన్న కార్బన్‌లో నూటికి రెండు వంతులు మాత్రమే కార్బన్ డయాక్సైడ్‌గా ఉంటుంది. మిగతాది దాదాపు అంతా బైకార్బనేటే. కార్బన్ డయాక్సైడ్ తప్ప ఇంకేదీ వాడుకోలేని మొక్క ఆ నీళ్లలో పస్తు ఉంటుంది. కబోంబా అలాంటిదే. అంగట్లో విసనకర్రల్లాంటి సన్నటి ఆకులతో ఎంతో ముచ్చటగా ఉంటుంది గానీ, దాని సొంత ఊరు మెత్తటి (అంటే సున్నం తక్కువున్న), కొంచెం పుల్లటి నీళ్లు.

బైకార్బనేట్‌ను కూడా వాడుకోగల మొక్కలూ ఉన్నాయి. వాటిలో అందరికీ పరిచయమైనది హైడ్రిల్లా, మన చెరువుల్లో పెరిగే పునాచు. హైస్కూల్లో దాన్ని బీకరులో వేసి, పైన గరాటు బోర్లించి, ఆక్సిజన్ బుడగలు వచ్చే ప్రయోగం చేసినవాళ్లు చాలామందే ఉంటారు. అప్పుడు మాస్టారు నీళ్లలో చిటికెడు వంటసోడా వేసేవారు, బుడగలు జోరందుకునేవి. వంటసోడా అంటే సోడియం బైకార్బనేట్. కడప బోరు నీళ్లలో ఆ బైకార్బనేట్ ముందే ఉంది, ఎవరూ వేయనక్కర్లేదు.

హైడ్రిల్లా కాడను చేతిలోకి తీసుకొని చూడండి. కాడ చుట్టూ కణుపుకు నాలుగైదు సన్నటి ఆకులు ఉంటాయి. ఆకు అంచు మీద వేలు పెట్టి వెనక్కి లాగితే గరగరలాడుతుంది, అక్కడ కంటికి ఆనీ ఆనని పళ్లు ఉంటాయి. గట్టి నీళ్లలో, అంటే సున్నం ఎక్కువున్న నీళ్లలో, కొన్నాళ్లు పెరిగిన ఆకు పైభాగం మీద తెల్లటి పొర కూడా కనిపిస్తుంది. ఆకు తన అడుగు వైపు ఆమ్లాన్ని వదిలి, అక్కడి బైకార్బనేట్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి తీసుకుంటుంది. పై వైపు క్షారం పెరిగి, అక్కడున్న కాల్షియం సున్నంగా పేరుకుంటుంది. దాన్ని చూసి మొక్కకు జబ్బు చేసిందని కంగారు పడక్కర్లేదు. మొక్క తిండి తింటోందనడానికి అదే సాక్ష్యం.

వేంపల్లె చుట్టుపక్కల రాళ్లలో పొరలు పొరలుగా, గుమ్మటాలు పేర్చినట్టు కొన్ని ఆకారాలు ఉన్నాయి. వీటిని స్ట్రోమటోలైట్లు అంటారు. 180 కోట్ల ఏళ్లకు పైబడిన ఈ ఆకారాలు సూక్ష్మజీవుల చాపలు పరుచుకున్నచోట ఏర్పడ్డాయి. ఎండలో ఆహారం తయారుచేసుకునే ఆ జీవులు నీళ్లలోని కార్బన్‌ను లాక్కునేవి, పక్కన సున్నం పేరుకునేది. ఈ రోజు మన తొట్టిలో హైడ్రిల్లా ఆకు మీద జరుగుతున్నదీ దాదాపు అదే పని. జిల్లా కింద ఇంత రాయి పోగుపడటంలో అంత చిన్న జీవుల చెయ్యి ఉందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక చేప. మెత్తటి నీళ్లలో పుట్టిన నియాన్ టెట్రాను తెచ్చి ఈ నీళ్లలో పెట్టి, రోజూ ఆర్వో నీళ్లు (ఫిల్టరులో ఉప్పులు తీసేసినవి) కలుపుతూ టెన్షన్ పడటం కన్నా, మన నీళ్లను ఇష్టపడే చేపను ఎంచుకోవడమే నయం. నా ఓటు గప్పీకి. ట్రినిడాడ్, వెనెజులా ప్రాంతాల నుంచి వచ్చిన ఈ చేప 7 నుంచి 8 దాకా పీహెచ్ ఉన్న గట్టి నీళ్లలో హాయిగా ఉంటుంది. ఒంట్లో ఉప్పుల లెక్క సరిచూసుకోవడానికి దానికి నీళ్లలో కాల్షియం కావాలి. మంచినీళ్లు కదా అని అచ్చంగా ఆర్వో నీళ్లు పోస్తే దానికి మేలు కాదు, కీడే.

గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్ని ఈనుతుంది. సుమారు నెలకోసారి ఇరవై, ముప్పై, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పిల్లలు. ఆడచేప మగచేప వీర్యాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకోగలదు, అందుకే ఒంటరి ఆడచేపను కొన్నా ఇంట్లో పిల్లలు పుడుతూనే ఉంటాయి. ఈ పిల్లలు పుట్టగానే ఈదుతాయి. ఆ ఈతే వాటిని కాపాడాలి, ఎందుకంటే కన్నతల్లి కూడా వాటిని తినేస్తుంది. పిల్లలు ఎక్కువగా నీటి పైపొరలోనే తిరుగుతాయి. కాబట్టి గప్పీ తొట్టికి అడుగున పరిచే గడ్డి కన్నా పైన తేలే దట్టమైన మొక్క ముఖ్యం.

ఆ పనికి హార్న్‌వర్ట్‌ను మించింది నాకు కనబడలేదు. దానికి వేర్లే ఉండవు, నీళ్లలో వదిలేస్తే చాలు. కణుపు చుట్టూ చీలిన ఆకులు ముళ్ల గుబురులా ఉంటాయి. ఆ సందుల్లోకి గప్పీ పిల్ల దూరుతుంది, పెద్ద చేప దూరలేదు. ఇదీ బైకార్బనేట్ వాడుకోగల మొక్కే. మగచేపలు రోజంతా వెంటపడుతుంటే ఆడచేప కాసేపు తప్పుకోవడానికీ అదే చాటు. ఒక మగచేపకు రెండు మూడు ఆడచేపలు ఉంటే ఆ వేధింపు ఇంకా తగ్గుతుంది.

వేగంగా పెరిగే మొక్క కావాలనడానికి ఇంకో కారణం అమ్మోనియా. చేప మొప్పల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అది వస్తూనే ఉంటుంది. 25 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే దానిలో నూటికి అర వంతు మాత్రమే విషరూపంలో ఉంటుంది. పీహెచ్ 8 అయితే ఐదు వంతులు, అంటే దాదాపు పది రెట్లు. వేడి పెరిగితే ఇంకా పెరుగుతుంది. హార్న్‌వర్ట్, హైడ్రిల్లా లాంటివి అమ్మోనియాను ఆకులతోనే పీల్చుకుంటాయి. గట్టి నీళ్ల తొట్టిలో మొక్క అందానికి మాత్రమే కాదనేది ఇందుకే.

వెనక వరుసకు వాలిస్నేరియా పెట్టుకోవచ్చు. రిబ్బన్ల లాంటి ఆకులు, అడుగున పిలకలు వేసుకుంటూ పోయే తీరు. నాటిన కొత్తలో పాత ఆకులు కుళ్లిపోతే పీకి పారేయొద్దు, మొదలు గట్టిగా ఉంటే కొత్త ఆకులు వస్తాయి. వేర్లను ఇసుకలో పెట్టి, ఆకులు మొలిచే మొదలును మాత్రం పూడ్చకుండా ఉంటే చాలు. దీని మగపువ్వులు నీటి అడుగున తెగి పైకి తేలి, కొట్టుకుపోతూ ఆడపువ్వును చేరతాయి. ఆ తర్వాత ఆడపువ్వు కాడ స్ప్రింగులా చుట్టుకొని కాయను కిందికి లాక్కుపోతుంది. తొట్టిలో ఇది అరుదు. జావా ఫెర్న్, అనూబియాస్ మెల్లగా పెరుగుతాయి, కార్బన్ ఆకలి తక్కువ కాబట్టి ఇవీ నెట్టుకొస్తాయి. వాటి దుంప లాంటి కాడను పాతిపెట్టకుండా ఒక కడప బండ ముక్కకు దారంతో కట్టండి. ఎర్ర ఆకుల మొక్కలు, నేలంతా పరుచుకునే పొట్టి గడ్డి మొక్కలు ఇక్కడ డబ్బు దండగ. లక్కీ బాంబూను కూడా కొందరు నీటిమొక్క అని అమ్ముతారు. ఆకులు పూర్తిగా మునిగితే అది నెమ్మదిగా కుళ్లుతుంది.

హైడ్రిల్లాను చెరువు నుంచి తెచ్చుకోవచ్చు గానీ నేరుగా తొట్టిలో వేయకూడదు. దాంతోపాటు నత్తలు, జలగలు, తూనీగ పిల్లలు వస్తాయి. తూనీగ పిల్ల ఒక్కటి చాలు, గప్పీ పిల్లల్ని రోజూ వేటాడి తినడానికి. బాగా కడిగి, రెండు వారాలు విడిగా బకెట్లో ఉంచి, రోజూ వెలుతురులో పరిశీలించాకే వాడండి. పెరిగి పెరిగి ఎక్కువైన మొక్కల్ని, గప్పీలను మాత్రం తిరిగి చెరువులో వదలొద్దు.

ఎండాకాలంలో రెండు జాగ్రత్తలు. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 33 డిగ్రీల నీళ్లు 7.2 మాత్రమే పట్టుకుంటాయి. రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి కాబట్టి దట్టంగా మొక్కలున్న తొట్టిలో తెల్లవారుజామున కొరత ఎక్కువ. ఎయిర్ పంపు పగలు ఆపినా పర్లేదు, రాత్రి ఆపకూడదు. రెండోది, మే నెలలో తొట్టి నీళ్లు ఆవిరవుతుంటే తగ్గినంతా బోరు నీళ్లతోనే నింపుతుంటారు. ఆవిరయ్యేది నీరే, ఉప్పులు తొట్టిలోనే ఉండిపోతాయి, ప్రతిసారీ ఇంకొంచెం పెరుగుతాయి. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లు పోయండి. వారానికోసారి పావువంతు నీళ్లు తీసి మార్చేటప్పుడు మాత్రం బోరు నీళ్లే వాడండి. కార్పొరేషన్ కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి అంగట్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి వాడండి.