మెట్టా, జరీబా: శిస్తు పోయినా పోని మాటలు

రాజధాని అమరావతికి రెండో విడత భూ సమీకరణ (పొలం తీసుకుని బదులుగా స్థలాలివ్వడం) మాట 2025లో వచ్చిన దగ్గర్నుంచీ కృష్ణ ఒడ్డు ఊళ్లలో పాత ప్రశ్న మళ్లీ లేచింది: మనది మెట్టా, జరీబా? పదేళ్ల కింద మొదటి విడతలో ఈ ఒక్క తేడాకి ఎంత విలువో అందరూ చూశారు. ఎకరం ఇచ్చిన పట్టా రైతుకి ఎవరికైనా ఇంటి స్థలం వెయ్యి గజాలే. కానీ వాణిజ్య స్థలం మెట్టకి 250 గజాలు, జరీబుకి 450. ఏటా ఇచ్చే కౌలు మెట్ట ఎకరానికి 30 వేలతో మొదలైతే, జరీబుకి 50 వేలతో మొదలైంది. గట్టుకి అటూ ఇటూ ఉన్న ఇద్దరు రైతుల మధ్య రెండు వందల గజాల కమర్షియల్ స్థలం తేడా వస్తే ఏ ఊళ్లో ఊరుకుంటారు? మాది కూడా జరీబే రాయండి అంటూ అర్జీలు పడ్డాయి.

ఇంతకీ జరీబు అంటే పారసీ వాళ్ల దగ్గర పొలం పేరు కాదు, కొలత. భూమిని కొలిచే తాడుకీ, ఆ తాడుతో కొలిచిన విస్తీర్ణానికీ అదే పేరు. అఫ్గానిస్తాన్‌లో ఇప్పటికీ భూమిని జరీబుల్లోనే లెక్కేస్తారు, ఒక్కోటి రెండు వేల చదరపు మీటర్లు. అదే మాట ఉండవల్లి, పెనుమాక, రాయపూడి, లింగాయపాలెం దాకా వచ్చి, కొద్ది లోతులోనే నీళ్లు పడి ఏడాది పొడవునా ఏదో ఒక పైరుండే పొలానికి పేరైపోయింది. అరటి, దొండ, మల్లె, పసుపు, కూరగాయలు పండే నేల అది. ఉండవల్లి, పెనుమాకల్లో చాలామంది మొదటి విడతలో సంతకం పెట్టకపోవడానికి ఆ పంటలే కారణం.

ఒక్క జరీబే కాదు. అడంగల్ (ఏ పొలంలో ఎవరు ఏం సాగు చేస్తున్నారో రాసే ఊరి లెక్క) కాగితం మీదున్న మాటల్లో సగం మన ఇంట్లో పుట్టినవి కావు. కొండవీడు 16వ శతాబ్దం చివర గోల్కొండ సుల్తానుల చేతికి పోయింది. తర్వాత నిజాం కింద గుంటూరు ఒక సర్కారుగా (అంటే జిల్లా లాంటిది) ఉండి, 1788లో ఈస్టిండియా కంపెనీకి చేరింది. ఈ రెండు వందల ఏళ్లలో జిరాయితీ, ఇనాం, బంజరు, జమాబందీ, దస్తావేజు, తహసీల్దారు అన్నీ మన నాలుక మీద కుదురుకున్నాయి. పోరంబోకు తమిళం వైపు నుంచి వచ్చింది. అడంగల్ పైన ఫసలీ సంవత్సరం వేస్తారు కదా, అది మొగలుల నాటి పంట లెక్క. క్రీస్తు శకంలోంచి 590 తీసేస్తే వస్తుంది. 2025 జులైలో మొదలైంది 1435వ ఫసలీ. మెట్ట, మాగాణి, లంక, డొంక, గట్టు మాత్రం మనవి. నల్లరేగడి అయితే ఎదురు ప్రయాణం చేసింది: భూగోళ శాస్త్ర పుస్తకాల్లో నల్ల పత్తినేలకి ‘రేగర్’ అన్న పేరు మన రేగడి నుంచి వెళ్లిందే.

ఏ భాషవైనా ఈ మాటలన్నిటికీ పని ఒకటే, శిస్తు ఎంతో తేల్చడం. 1802 తర్వాత ఇక్కడ జమీందార్లు వసూలు చేసి కంపెనీకి కట్టేవారు. 1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు సీమని ఊడ్చేశాక ఆ జమీందారీలు కూలి, చాలాచోట్ల రైతువారీ వచ్చింది. సర్కారు నేరుగా రైతు దగ్గరే వసూలు చేసుకోవాలంటే పొలం పొలానికీ నంబరు, రకం, రేటు కావాలి. సెటిల్మెంటు రిజిస్టర్లు అందుకే పుట్టాయి. సర్కారు నీళ్లు పారితే మాగాణి, లేకపోతే మెట్ట. రైతు సొంత ఖర్చుతో బావి తవ్వుకుని మూడు పంటలు తీసినా రికార్డులో అది మెట్టే, ఎందుకంటే ఆ నీళ్లలో సర్కారుకి వాటా లేదు. 1855కి విజయవాడ దగ్గర ఆనకట్ట లేచాక డెల్టాలోనూ, 1967లో సాగర్ కుడి కాలువకి నీళ్లు వదిలాక పల్నాడు వైపూ మెట్టలు మాగాణులయ్యాయి.

శిస్తు రాని నేల గురించి సర్కారుకి పెద్దగా పట్టలేదు. ఇప్పటి తలనొప్పులు చాలావరకు అక్కడివే. ఊళ్లో ఇళ్లున్న చోటంతా కలిపి గ్రామకంఠం అని ఒక్క నంబరు కింద వదిలేశారు. ఎవరి ఇల్లెంతో అందులో ఉండదు. తాతల నాటి ఇంటి మీద లోను అడిగితే బ్యాంకు వాళ్లు పెదవి విరిచేది దానివల్లే. రాజధాని ఊళ్లలో కూడా గ్రామకంఠం హద్దు ఎక్కడిదాకా అన్నది పెద్ద రగడయింది. వందేళ్ల కిందటి రీసెటిల్మెంటు రిజిస్టరులో (ఆర్‌ఎస్‌ఆర్ అంటారు) కొన్ని నంబర్ల ఎదురుగా పట్టాదారు పేరుండాల్సిన చోట ఉత్త చుక్కలున్నాయి. అవే చుక్కల భూములు. తరాలుగా దున్నుకుంటున్న వాళ్లు అమ్మబోతే రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో ఉందని రిజిస్ట్రేషన్ ఆగిపోయేది. దానికోసం 2017లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. గుమాస్తా పెట్టిన చుక్కకి శాసనసభ సమాధానం చెప్పడమంటే మాటలా!

పేదలకిచ్చిన అసైన్డ్ భూమిది ఇంకో కథ. 1977 చట్టం దాన్ని అమ్మనివ్వలేదు, అయినా తెల్ల కాగితాల మీద చేతులు మారుతూనే వచ్చింది. లంక భూముల్లో కొన్ని ఆ కోవలోవే. రాజధాని ప్యాకేజీలో వాటికి మొదట పట్టా భూమి కన్నా తక్కువే రాశారు.

రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరి రాసే కాగితం చూడండి. ‘నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములనే అష్టభోగ స్వామ్యములతో’ అని ఉంటుంది. ఇది శాసనాల కాలం నాటి సంస్కృతం. దాని కింద షెడ్యూల్లో విస్తీర్ణం ఎకరాల్లో, సెంట్లలో రాస్తారు. ఈ రెండూ ఇంగ్లీషు వాళ్ల హయాంలో వచ్చిన కొలతలు. ఎకరంలో నూరో వంతు సెంటు, అంటే 48.4 గజాలు. సర్వేయర్లు తెచ్చిన 66 అడుగుల గొలుసు పేరు గుంటర్ గొలుసు. (మన గుంటూరుకీ దానికీ చుట్టరికం లేదు, ఆయన 17వ శతాబ్దపు ఇంగ్లీషు గణితవేత్త.) ఇక విజయవాడలో బేరమాడేటప్పుడు పొలం అనేవాళ్లే తగ్గిపోయారు. సాగులో ఉన్నా ల్యాండే. లేఅవుట్ వేస్తే వెంచర్, ముక్క చేస్తే బిట్టు, ఇల్లు కట్టుకోబోతే సైటు.

1980ల్లో భూమి శిస్తు పోయి, సర్కారు నీళ్లకి కట్టే నీటి తీరువా మిగిలింది. 1984లో ఊరి లెక్కలు రాసే కరణాలూ పోయారు. వాళ్ల దస్త్రంలోని గడులు మాత్రం కంప్యూటర్‌లోకి ఎక్కి, వసూలు కోసం రాసిన మాట ధర తేల్చే మాటయింది. ఆ రికార్డు కడకు ఎవరు కట్టాలో చెబుతుంది గానీ, ఎవరిదో గ్యారంటీ ఇవ్వదు. ఆ గ్యారంటీ ఇస్తామంటూ తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2024 ఎన్నికల్లో జనానికి టెన్షన్ పుట్టించి, ప్రభుత్వం మారగానే రద్దయింది.

జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో 2020 డిసెంబరులో మొదలుపెట్టిన రీసర్వే కొత్త మాట ఒకటి తెచ్చింది: ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు. పాత సర్వే నంబరు స్థానంలో ఇది వస్తుంది. అన్నదమ్ములవో పక్కవాళ్లవో పొలాలు కలిపి ఒకే నంబరు పడితే జాయింట్ ఎల్‌పీఎం అంటున్నారు. అది విడదీసే దాకా ఎవరి వాటా వారు అమ్ముకోవడం కష్టం. అర్జీలు దాని మీదే పడుతున్నాయి.